ఎవరి రంగు

“అమ్మా, నా రంగు ఎవరిది?”

రాజకుమారి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద దోసె మాడు వాసన కొట్టింది.

“పొద్దున్నే ఏం ప్రశ్నే అది? మీ నాన్న వైపు ఎవరిదో వచ్చుంటుంది.”

“నాన్నని అడిగితే అమ్మనడుగు అని డ్యూటీకి వెళ్లిపోయారు. నాన్న గోధుమరంగు. నువ్వు పసుపు కొమ్ములా ఉంటావు. నేనేమో ఇలా! ఒక్క పేరు చెప్పు చాలు. ఇవాళ సర్కిల్‌లో కావాలి.”

సర్కిల్ అన్న మాట వింటేనే రాజకుమారికి భయం. కొన్నాళ్లుగా ప్రతి శనివారం కూతురు కీర్తిక, తాముండే బుకిట్ బటోక్ పేటలోనే ఒక హాలుకి వెళ్లి, కళ్లు వాచి తిరిగొస్తోంది. ఆఫీసులో దానితో పనిచేసే డెలోరిస్ అనే అమెరికా నల్లజాతి ఆవిడ నడుపుతుందట. డప్పులట, పాటలట, ఏడుపులట. పిల్లకి ఏదైనా మందు పెట్టారేమో, మతం మార్చేస్తారేమో, మాయచేసి ఏ దేశమో పట్టుకుపోతారేమో! అసలే రాజకుమారి భయస్థురాలు. ఊరి నుంచి ఫోను మోగినా ఎత్తడానికి జంకుతుంది. చంటిపిల్లగా ఈ దేశానికి తెచ్చిన కూతురిని ఇంతవరకూ ఒక్కసారైనా ఊరు తీసుకెళ్లలేదు.

“అక్కడేం చేస్తారే అసలు?”

“రంగు వల్ల దెబ్బతిన్నవాళ్లం కూర్చుని చెప్పుకుంటాం. ఆఖర్న, ఆ రంగు మనకిచ్చిన మనిషిని పేరు పెట్టి పిలిచి మొక్క మొదట్లో నీళ్లు పోస్తాం. డెలోరిస్ వాళ్ల పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. అందరూ పేరు చెప్తారు. నేనే ప్రతిసారీ చెంబు పక్కవాళ్లకి ఇచ్చేస్తున్నా. సిగ్గుతో చచ్చిపోతున్నా!”

“చావు మాట ఎత్తకు!” రాజకుమారి ఉలిక్కిపడింది. “నీకెందుకే అవన్నీ? బంగారంలాంటి కంప్యూటర్ ఉద్యోగం.”

“ప్రోగ్రామ్ రాసింది నేను. క్లయింటు ముందు నిలబెట్టింది మాత్రం తెల్లగా ఉన్న అమ్మాయిని. నువ్వూ రా అమ్మా. నీ కళ్లతో చూడు. నచ్చకపోతే మానేస్తా.”

ఆ ఆఖరి మాటకే రాజకుమారి చీర మార్చుకుంది.

లిఫ్టులో పైఅంతస్తు హైమవతి ఎదురైంది. కీర్తికని ఎగాదిగా చూసి, “ఎన్నాళ్లు చూసినా మీ పోలిక ఒక్కటీ లేదు సుమండీ!” అని నవ్వింది. రాజకుమారి నవ్వలేదు. ఎవరు ఆ మాట అన్నా మర్నాటికి ఆమె కొత్త క్రీము కొనేది. ఒకప్పుడైతే శనగపిండితో పిల్ల మొహం తోముతూ కూర్చునేది.

హాల్లో భయపడ్డట్టు ఏమీ లేదు. గుండ్రంగా కుర్చీలు, మధ్యలో ఒక కుండీ, పక్కన రాగిచెంబు. అది తన వంటింట్లోంచి మాయమైన చెంబే.

“పనిమనిషిని అనుమానించి చంపుకుతిన్నాను కదే!” అంది గుసగుసగా.

“మన చెంబైతే బాగుంటుందని తెచ్చాను,” అని కీర్తిక నాలుక కరుచుకుంది.

డెలోరిస్ డప్పు మీద మెల్లగా వాయిస్తూ పాడింది. ఓడల యార్డులో పనిచేసే నైజీరియా అతను, బస్సులో తన పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందని చెప్పాడు. కీర్తిక వంతు వచ్చింది. తల్లికి అర్థం కావాలని కాబోలు, ఇంగ్లీషు మధ్యలో తెలుగు కలిపింది.

“నన్ను మొదట బాధపెట్టింది ఆఫీసువాళ్లు కాదు. మా అమ్మ. మొహం మండి ఏడుస్తున్నా వదిలేది కాదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని తోమేది. నేనంటే అమ్మకి అసహ్యమేమో అనుకునేదాన్ని.”

రాజకుమారి కుర్చీ అంచుకి జరిగింది.

“అసహ్యమా? పుట్టినరోజు నాడు నీకు తినిపించే ముందు కిటికీ గట్టు మీద కాకికి ముద్ద పెట్టి, నువ్వు చల్లగా ఉండాలని ఏడ్చేదాన్ని కదే!”

“అది దిష్టికన్నావు కదా. మరి ఆ తోమడం ఎందుకమ్మా? నా పెళ్లి కోసమా?”

“పెళ్లి కోసం కాదే. నీ కోసం కూడా కాదు...” అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎవరూ ఆమెని తప్పుపట్టలేదు. డెలోరిస్ లేచి వచ్చి, చెంబు ఆమె చేతుల్లో పెట్టి, ఏదో నెమ్మదిగా అంది.

“పిల్లకి ఈ అందమైన రంగు ఎవరిచ్చారో నీకే తెలుసు, ఆ పేరు పిలిచి పొయ్యమంటోంది అమ్మా,” అంది కీర్తిక.

అత్తగారి పేరు అప్పలమ్మ. ఏనాడో పోయింది. ఆవిడది చామనఛాయో నలుపో ఈ దేశంలో ఎవరికి తెలుసు? ఆ పేరు చెప్పేస్తే సరిపోతుంది. రాజకుమారి కుడిచేయి చాపి, చెంబు వంచింది. నీళ్లు వేళ్ల మీదుగా జారాయి. తండ్రి పోయినప్పుడు అన్నయ్య ఇలాగే నీళ్లు వదలడం గుర్తొచ్చింది. చేతిలో నీళ్లు పెట్టుకుని, పోయినవాళ్లకి చెందాల్సింది ఇంకొకరికి ఇవ్వడమా?

“కోటేశ్వరీ...” అంది. “ఇంతకాలం దాచాను తల్లీ. ఇవి నీకే.”

కుండీలో మట్టి నల్లబడింది. కీర్తిక మొహం వెలిగిపోయింది.

“కోటేశ్వరి! ఎంత బావుందమ్మా పేరు! ఎవరావిడ? నాన్నకి మేనత్తా?”

రాజకుమారి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇక వదిలించుకుపోతుందేమో అన్నట్టు.

“నిన్ను కన్నది.”