తొమ్మిది ఇళ్లు, ఒక కోడిపుంజు

కరంగ్‌దువుర్ పేటలో ప్రభుత్వ సాయం అందుకుంటున్న తొమ్మిది కుటుంబాలు ఒకే ఇంట్లో ఉంటున్నాయన్న సంగతి లస్త్రికి వాన వల్ల తెలిసింది.

ఆఫీసు కప్పు కారి ఫైళ్లు తడిశాయి. పేద కుటుంబాల అర్హత తనిఖీ చేసే ఉద్యోగం లస్త్రిది. అందుకని వాళ్ల ఫైళ్లు ఆరబెట్టే పనీ ఆమె మీదే పడింది. ఫోటోలు ఊడదీసి బల్ల మీద వరసగా పరిచింది. నిబంధన ప్రకారం ప్రతి కుటుంబమూ తన ఇంటి ముందు ఫోటో దిగాలి. ఇంటికి వెదురు తడికల గోడ, మట్టి నేల ఉండాలి. తొమ్మిది ఫోటోల్లోనూ ఉన్నాయి. తొమ్మిదింటిలోనూ తలుపుకి కిందిచెక్క ఊడిపోయి ఉంది. తొమ్మిదింటిలోనూ గుమ్మం పక్కన ఒక కుంటి కోడిపుంజు ఎడమకాలు పైకెత్తి నిలబడి ఉంది.

ఆ తలుపుని ఇంతకుముందెక్కడో చూసినట్టు కూడా అనిపించింది. తొమ్మిదిసార్లు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుందని సరిపెట్టుకుంది.

ఆమెకి ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే లోలోపల కొంచెం సంతోషమూ కలిగింది. మోసగాళ్లని పట్టుకోవడం తనకి కొత్త కాదు. రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే, కుర్చీలోంచి లేవకుండా ఒక నకిలీ దరఖాస్తుని పట్టేసింది. పై అధికారి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్లు ఆమె చెవుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంటాయి.

మర్నాడు స్కూటర్ మీద పేటకి వెళ్లి ముందు పేట పెద్ద సుమర్దిని పట్టుకుంది. తొమ్మిది ఫోటోలూ తీసి ఆఫీసుకి పంపింది ఆయనే. తొమ్మిది పేర్లలో మొదటిది ఆయన భార్యది. ఆయన ఇంటికి అద్దంలాంటి పలకల నేల, వాకిట్లో టార్పాలిన్ కప్పిన కారు ఉన్నాయి.

"పల్లెటూళ్లో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయమ్మా," అన్నాడు సుమర్ది, మల్లెపూల టీ గ్లాసులో పోస్తూ.

"కోళ్లు కూడానా?"

"అంతా ఒకే జాతండీ."

"అన్నీ ఎడమకాలే కుంటుతాయా?"

సుమర్ది టీలో పంచదార చాలాసేపు కలిపాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ దగ్గర దాపరికం ఎందుకు? ఇదంతా ఆ కర్తో ముసలిదాని పని. ఇల్లు దానిదే. ఫోటోకింతని పుచ్చుకుంటుంది. పాపం, మావాళ్లు అమాయకులు. దాని మాటల్లో పడిపోయారు."

"మీ ఆవిడ కూడా?"

"ఆవిడ మరీ అమాయకురాలు."

లస్త్రి సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆ తొమ్మిది పేర్లూ కొట్టేయడానికి. రెండోది మోసానికి సాయపడినవాళ్ల కోసం. అందులో పేరెక్కిన మనిషికి బతికున్నన్నాళ్లూ ఏ సాయమూ అందదు. ఆ రెండో కాగితం ఎవరికో దారిలోనే తేల్చేసుకుంది.

కర్తో అవ్వ గుమ్మంలో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తోంది. గిన్నెలో ఉన్నది ఆ ఒక్క దుంపే. కోడిపుంజు ఫోటోలో ఉన్నచోటే ఉంది.

"ఫోటోకా తల్లీ? రా, రా. ఇంట్లోవాళ్లని తెచ్చుకోలేదేం? ఇదిగో, ఇక్కడ నిలబడితే వెలుతురు బాగా పడుద్దంట."

"ఫోటోకి ఎంత తీసుకుంటావు?"

"అయ్యో, నేనడగనమ్మా. వాళ్లే తలో పళ్లెం అన్నం, వేయించిన సోయాగింజల టెంపె ముక్కా తెచ్చిపెట్టారు. తొమ్మిదిసార్లు కడుపునిండా తిన్నా. సుమర్ది పెళ్లామైతే కోడికూరే పెట్టింది." అవ్వ పుంజు వైపు తిరిగింది. "నీ చుట్టం కాదులే, ఊరుకో."

"నీ ఇంటి ముందు ఎందుకు దిగుతున్నారని అడగలేదా?"

"మా ఇల్లంటే వాళ్లకి మోజు. మట్టి నేల వాళ్ల ఇళ్లల్లో లేదుగా! ఒంటిమీద బంగారం తీసేసి, చెప్పులు విప్పేసి, మసీదులో అడుగుపెట్టినంత భక్తిగా కూచుంటారు."

ముసలిది ఆరితేరిన మనిషి అనుకుంది లస్త్రి. రెండో కాగితం మోకాలి మీద పెట్టుకుని కలం తీసింది.

"కర్తో నీ మొగుడి పేరు కదా. నీ పేరు చెప్పు."

"నా పేరుతో పిలిచేవాళ్లు పోయి ఎన్నాళ్లయిందో. నోరు తిరగట్లేదే తల్లీ. ఉండు, కాగితం మీదుంది."

అవ్వ లోపలికి వెళ్లింది. తడిక సందులోంచి ప్లాస్టిక్ సంచి లాగి, అందులోంచి నాలుగు మడతల కాగితం జాగ్రత్తగా తీసి ఇచ్చింది.

"నేనూ ఒకసారి సాయానికి పెట్టుకున్నానమ్మా. ఆఫీసోళ్లు జవాబు కూడా రాశారు. నాకు చదవడం రాదు. చదివించుకుందామంటే సుమర్దికి తీరికుండదు. ఎర్ర సిరాతో ఇంత శ్రద్ధగా రాశారంటే మంచిమాటే అయ్యుంటుందని దాచుకున్నా. డబ్బులెప్పుడిస్తారో కాస్త చూసి చెప్పు. రెండేళ్లయింది."

లస్త్రి మడతలు విప్పింది.

'ఫోటోలో ఉన్న ఇల్లు సుమర్ది భార్యదని మా రికార్డుల్లో ఉంది. పరాయి ఇంటిని తనదని చూపించిన ఈ దరఖాస్తు నకిలీది. తిరస్కరించడమైనది.'

కింద ఉన్న సంతకం లస్త్రిదే.