గోడ మీది రుతీలియో

“ఆ దీపం ఆపు వదినా,” అన్నాడు ఎవోదియో, గుమ్మంలోనే నిలబడి.

ప్రొజెక్టర్ వెలుగులో గోడ మీద రుతీలియో నవ్వుతున్నాడు. భర్త పోయినప్పటి నుంచీ దొమితిలా పొద్దు వాలగానే ఆ స్లైడు పెట్టి, ఎదురుగా కూర్చుని జపమాల తిప్పుకుంటుంది. పెళ్ళాం అంటే అలా ఉండాలని ఓహాకా పట్నంలో ఆ వీధి మగాళ్ళంతా తమ ఆడవాళ్ళను దెప్పుతుంటారు.

ఆ ఫొటో తీసింది రుతీలియో స్నేహితుడు ఎవోదియోనే. రుతీలియో జన్మకల్లా ఒక్కసారే కెమెరాకి చిక్కాడు. స్లైడు ఫిల్ముకి నెగటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ముక్కే బొమ్మ. అది పోతే ఇక లేనట్టే. ఫోన్లతో విసిగిన కుర్రకారు మళ్ళీ రీళ్ళు పట్టుకుని, ఫిల్ములు కడిగే అతని చీకటిగదికి వస్తున్నారు. వాళ్ళకి అతను మొదట చెప్పేది ఇదే.

కాపీ తీసిపెడతానని వానలు మొదలైనప్పటి నుంచీ అడుగుతున్నాడు. ఆవిడ వద్దంటోంది. గోడ మీద ఇంత పెద్దగానే చూడాలట. వీధి తలుపు చప్పుడైతే ఆయనేమోనని ఇప్పటికీ గుండె దడదడలాడుతుందని ఒకసారి చెప్పింది. ఆ మాటకి ఎవోదియో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇవాళ మాత్రం తేల్చుకునే వెళ్ళాలని వచ్చాడు. పోయినవాళ్ళ పండగ దగ్గరపడింది. బంతిపూల మధ్య బొమ్మ పెడితే, ఆ మనిషి దారి పోల్చుకుని ఆ రాత్రి ఇంటికొస్తాడని అక్కడి నమ్మకం. కొడుకు బొమ్మ కనబడకపోతే ఊరుకునేది లేదని దొమితిలా అత్తగారు అప్పుడే కబురంపింది.

“చూడు, బుగ్గల ఎరుపు పోయింది. కళ్ళు తేలిపోతున్నాయి. డబ్బాలో చీకట్లో ఉంచితే మన మనవల దాకా ఉండే బొమ్మ ఇది. ఈ దీపం దాన్ని తినేస్తోంది వదినా.”

“ఇంకెన్నాళ్ళుంటుందంటావు?” ఆవిడ ముందుకు వంగి అడిగింది.

“రోజూ ఇలాగే పెడితే పండగనాటికి ముఖం మిగలదు.”

దొమితిలా లేచి గోడ దగ్గరికెళ్ళింది. పాలిపోయిన ఆ చెంప మీద వేలు ఆనించి కాసేపు చూసింది. దీపం ఆపకుండానే తిరిగొచ్చి కూర్చుంది.

“ముఖమే లేకపోతే వాడు ఇంటికెలా వస్తాడు వదినా?”

“రాకూడదనే.”