పుల్లమ్మ ఒంటిపూట

పార్కు చుట్టూ ఒక్కసారి తిరిగేలోపే ఆఫీసరు గారు బెంచీ మీద కూలబడ్డారు.

రిటైరయ్యాక కుర్చీ పోయింది గానీ ఒళ్ళు మాత్రం పోలేదు. ఇంత బరువు మావల్ల కాదని మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. తగ్గితేనే ఆపరేషన్ చేస్తానని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. లేదంటే ఇక చక్రాల బండే గతి.

ఆయన ముందు నుంచే ఒక పెద్దావిడ చకచకా నడిచి వెళ్తోంది. ఇంచుమించు ఆయన ఈడే. ఎండుపుల్లలా ఉందని వాకింగు బృందం ఆవిడకి పుల్లమ్మ అని పేరు పెట్టేసింది.

"ఏమమ్మా, కాస్త ఆగు. అసలు ఏం తింటావు నువ్వు?"

"అందరూ తినేదే బాబుగారూ. కాకపోతే ఒంటిపూట."

"రోజూనా?"

"ఏళ్ళ తరబడి." అదేదో ఘనకార్యమైనట్టు చెప్పింది.

"ఆకలెయ్యదూ?"

"ఎందుకెయ్యదు? ఊరికే మానేస్తే ఉండలేరు. ఎందుకు మానేస్తున్నామో గుర్తుంటే ఉండొచ్చు."

ఎందుకో ఆయనకి బాగానే తెలుసు. మోకాళ్ళ కోసం.

ఆ రోజే రాత్రి భోజనం మానేశారు. షుగరు మాత్ర మటుకు రెండు పూటలా వేసుకున్నారు. వారం తిరక్కుండానే పార్కులో కళ్ళు తిరిగి పడిపోయారు.

తెలివొచ్చేసరికి మొహాన నీళ్ళు చల్లుతూ పుల్లమ్మే కనబడింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"తిండికి గతిలేని మనిషిని సలహా అడిగాను చూడు, నా బుద్ధి గడ్డి తిని" అన్నారు, నలుగురూ వింటుండగానే.

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పార్కుకే రాలేదు.

సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఆ మాత్రలు వేసుకుంటూ పూట మానేస్తారా ఎవరైనా? ఎవరు చెప్పారండీ మీకు?"

"పార్కులో ఒక బక్క మనిషి. ఒంటిపూట తింటానని గొప్పగా చెప్పుకుంది. నలుగురిలోనూ గట్టిగా గడ్డి పెట్టాను లెండి."

డాక్టరమ్మ ఫోనులో ఒక ఫోటో వెతికి చూపించింది. "ఈవిడేనా?"

"ఈవిడే. మీ దగ్గరికే వస్తుందా వైద్యానికి?"

"మా ఇంట్లోనే ఉంటుంది."

"ఓహో, మీ ఇంట్లో పనిచేస్తుందా?"

"చాలా ఇళ్ళలో చేసింది. నేనే మానిపించాను. రెండో పూట కూడా తినమంటే మాత్రం, అలవాటు తప్పింది, అరగదు పొమ్మంటుంది. ఈమధ్య పార్కుకీ వెళ్ళనంటోంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

ఆఫీసరు గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "మరి... అప్పట్లో పూట ఎందుకు మానేసిందట?"

"ఇంట్లో ఉన్నది ఒక్కరికే సరిపోయేదండీ" అంది డాక్టరమ్మ గర్వంగా. "మా అమ్మ మానేసిన ఆ పూట తిని డాక్టర్నయింది నేనే."