కాటా మీద ఇద్దరు

బుధవారం ఉదయం పది గంటలకు, అల్జీమర్స్ ఉన్న భార్య బరువు మళ్లీ తగ్గిందని ఇంటికొచ్చిన నర్సు దర్జీతో చెప్పింది.

భార్య ఒంటరిగా నిలబడలేదు. అందుకని నెలనెలా దర్జీ ఆమెను పట్టుకుని కాటా ఎక్కుతాడు. వచ్చిన అంకెలోంచి అతని డెబ్బై కిలోలు తీసేస్తారు. మిగిలింది ఆమె బరువు.

"సరిగ్గా తినిపిస్తున్నారా బాబాయిగారూ?"

"నా చేతి ముద్ద తప్ప ముట్టదమ్మా. పూటపూటా కూర్చుని తినిపిస్తున్నా. రవికలు పట్టక కుట్లు విప్పి వదులు చేశాను. టేపు పట్టిన చెయ్యి నాది. మతిమరుపు మీ కాటాకే వచ్చింది."

నర్సు నవ్వింది. కాటా సరిచూద్దామని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, అతన్ని ఒక్కణ్నే ఎక్కమంది.

యాభై ఎనిమిది.

దిగి మళ్లీ ఎక్కాడు. అదే అంకె. డెబ్బై అన్నది మొదటి నెల చూసిన బరువు. ఆ తర్వాత అతన్ని ఎవరూ విడిగా తూచలేదు.

"మీరు తింటున్నారా?"

"కొన్నాళ్లుగా గొంతు దిగడం లేదు. ఈవిడ కాస్త కోలుకున్నాక చూపించుకుందాంలే అని..."

శుక్రవారం తొమ్మిదింటికి ఆసుపత్రిలో అతనికి పరీక్షలు. పరగడుపున రమ్మన్నారు. ఎనిమిదింటికి ఆమెకు తినిపించి బయలుదేరతాడు.