గోడ మీద వాన లెక్కలు

"చూస్తే చదువుకున్నవారిలా ఉన్నారు! ప్రభుత్వం లెక్కలు గోడకి అంటించేయడమేనా?"

వర్షపాత కార్యాలయానికి కొత్తగా వచ్చిన అధికారి గొంతు వరండా దాకా వినిపించింది. బల్లకి అవతల నిలబడ్డ మామ్మగారు తల దించుకున్నారు. వీధి గోడ మీంచి పీకి తెచ్చిన కాగితం బల్ల మీద పడి ఉంది. ముప్ఫయ్యేళ్ల వాన లెక్కలు, ఆఫీసు వేసిన పుస్తకంలోంచి ఎత్తి రాసినవి.

"మా వీధి కాలవ సగం పూడ్చేస్తామంటున్నారు బాబూ. రేపే మీటింగు. అక్కడ ఎంత వాన పడుతుందో చూస్తే ఆపుతారేమోనని..."

"పుస్తకం రెండో పేజీ చూశారా? అనుమతి లేకుండా వాడకూడదు. కాపీరైటు ఆఫీసుది."

"ఆ లెక్కలు నేను..."

"ఇంకేం చెప్పకండి! ఒక్కో అంకె వెనక ఎవరిదో కష్టం ఉంటుందండీ. ఎండనక, వాననక పొద్దున్నే లేచి కొలిచినవాళ్లుంటారు. మీరేమో జిగురు రాసి అంటించేశారు."

పక్క బల్లల వాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. ఈ వయసులో దొంగలా నిలబడాల్సి వచ్చిందే అని ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"రేపటిదాకా ఉండనివ్వండి బాబూ."

"కుదరదు. అనుమతికి అర్జీ పెట్టుకోండి, నెల పడుతుంది. ముందు క్షమాపణ రాసివ్వండి."

రాశారు. సంతకం చేసి, కింద గీత గీసి, రెండు చుక్కలు పెట్టారు. ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

అధికారికీ మనసు చివుక్కుమంది. తల్లి వయసావిడ, కనీసం కూర్చోమనైనా అనలేదు. 'రూలు రూలే' అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆ రూలు ప్రకారమే క్షమాపణ పత్రం ఆ లెక్కలు మొదట రాసిన రిజిస్టరులో పెట్టాలి. రికార్డు గదికి వెళ్లి, ఆ వీధి వానకొలత రిజిస్టర్లు కిందికి దించి దుమ్ము దులిపాడు. అట్టల మీద 'స్వచ్ఛంద సేవ, జీతం లేదు' అని రాసి ఉంది. మొదటిది తెరిచాడు. గబగబా ఇంకొకటి, మరొకటి తెరిచాడు. చెవులు వేడెక్కాయి. చేతిలో ఉన్న క్షమాపణ పత్రాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

ముప్ఫయ్యేళ్ల పాటు, ప్రతి పేజీ అడుగున, కొలిచినవారి సంతకం చోట, అదే సంతకం, అదే గీత, అవే రెండు చుక్కలు.