పటం ఎంతదాకా వచ్చింది?

"ఈసారీ ఇవ్వలేదా?" అంది వాసవాంబ మజ్జిగ గ్లాసు అందిస్తూ.

"ఎడమ కన్ను అయిందట. కుడి కన్నుకి మూడ్ రావాలట," అన్నాడు కుటుంబరావు చెప్పులు మూలకి విసిరేసి. "నా కన్నుకి వాడి మూడ్ ఏంటే?"

"మీ మెతకదనం చూసి ఆడుకుంటున్నాడు. వదలకండి."

కుటుంబరావు మెతకదనం గురించి జగ్గయ్యపేటలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. జీవితమంతా హోల్‌సేల్ కిరాణా నడిపిన మనిషి. ఆయనతో బేరమాడి గెలిచిన కందిపప్పు మిల్లువాడు లేడు.

అలాంటివాడు ఆ పటానికి మాత్రం బేరం ఆడలేదు. అడిగినంతా ముందే ఇచ్చేశాడు. తనకి టైము లేదనుకున్నాడు మరి.

కిందటేడు కొడుకు సాయిప్రసాద్ షాపులో కంప్యూటర్లు పెట్టించి, "ఇంక మీరు రెస్ట్ తీసుకోండి నాన్నా" అన్నాడు. కుటుంబరావు ఆ మాటని ఎంత శ్రద్ధగా పాటించాడంటే, మంచం ఎక్కి మళ్లీ దిగలేదు. అన్నం సహించదన్నాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. ఎవరైనా పలకరిస్తే గోడవైపు తిరిగేవాడు. విజయవాడ డాక్టర్లు ఉన్న స్కానింగులన్నీ తీయించి, జబ్బేమీ లేదని తేల్చారు. ఆయన నమ్మలేదు. అంత ఫీజు తీసుకుని ఏమీ లేదంటారా!

ఇక తను పోవడం ఖాయమనుకున్నాడు. పోయాక గోడకి ఏ ఫోటో తగిలిస్తారోనని బెంగ పట్టుకుంది. సాయిప్రసాద్ ఆధార్ కార్డులో మొహాన్నే పెద్దది చేయించి దండ వేసేసే రకం. అందుకని నందిగామ నుంచి ఆర్టిస్టు నరేంద్రని పిలిపించాడు.

నరేంద్ర వచ్చాడు. మంచం పక్కన కూర్చుని పెన్సిల్‌తో గీసుకున్నాడు. సెల్‌లో ఫోటోలు తీసుకున్నాడు. వాసవాంబ ఇచ్చిన కాఫీ తాగాడు. "ఆయిల్ పెయింటింగండి. దసరాకల్లా మీ గోడ మీద ఉంటుంది," అన్నాడు.

ఏ దసరా అన్నది చెప్పలేదు.

చలికాలమంతా తేమకి రంగు ఆరడం లేదని ఫోన్‌లో చెప్పాడు. ఎండలు ముదిరాక, రంగు మరీ తొందరగా ఆరిపోతోందన్నాడు. ఆ మాట విన్నరోజు కుటుంబరావు దుప్పటి విసిరికొట్టి లేచాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా అడిగాడు. తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదా అని నాలుగిడ్లీలు తిన్నాడు. పోయేలోపు వాడి అంతు చూడాలని నందిగామ బస్సెక్కాడు.

నరేంద్ర స్టూడియో కోర్టు దగ్గర, ఓ జిరాక్స్ షాపు మీద. ఆ షాపు నడిపే సూసన్‌కి ఈయన రాకపోకలు అలవాటైపోయాయి.

"మా చర్చి బోర్డు చెప్పిన రోజుకే రాసిచ్చాడండి. అందరికీ టైముకే ఇస్తాడు. మీకే ఏంటో మరి!"

ఈ ఓదార్పుతో కుటుంబరావు మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేవాడు.

ఓసారైతే నరేంద్ర ఆయన మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చాడు.

"కష్టమేనండి. నేను గీసుకున్నప్పుడు మీ బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ఇప్పుడు నిండాయి. మళ్లీ మొదట్నుంచీ వేయాలి."

"బుగ్గలు రావడం కూడా నా తప్పేనా?"

"తప్పని కాదండి. ఆర్ట్‌లో పోలిక ముఖ్యం."

"పోలిక సంగతి తర్వాత. కోర్టు పక్కనే ఉంది, చూశావా?"

"రోజూ చూస్తానండి. దాని బొమ్మ కూడా వేశాను, చూస్తారా?"

అది మాత్రం పూర్తిగా వేశాడు. కిటికీలతో సహా.

అప్పట్నుంచి కుటుంబరావుకి ఖాళీ లేదు. కోర్టు ముందు టీ బడ్డీ దగ్గర ప్లీడర్లందరూ స్నేహితులయ్యారు. టీకి టీ, సలహాకి సలహా. వినియోగదారుల చట్టం నోటికొచ్చింది. ఫ్రిజ్ చెడిపోయినవాళ్లూ, ప్లాటు కొని మోసపోయినవాళ్లూ ఆయన్ని వెతుక్కుంటూ ఇంటికి రావడం మొదలెట్టారు. షాపు నడిపే రోజుల్లో కూడా ఆ ఇంటి ముందు అన్ని చెప్పులు లేవు.

సాయిప్రసాద్ మాత్రం ఓ పూట అన్నం దగ్గర నోరు జారాడు.

"పోనీ వదిలేయండి నాన్నా. విజయవాడలో ఇంకొకాయనతో వేయిద్దాం. వారంలో ఇస్తారు."

"వదిలేయడమా!" కుటుంబరావు ముద్ద కంచంలో పడేశాడు.

"నువ్వూరుకోరా!" వాసవాంబ అంతకన్నా గట్టిగా అరిచింది. "మీ నాన్నగారి పరువు సంగతిది. నీకేం తెలుసు?"

భార్య ఇంత పౌరుషం ఉన్న మనిషని కుటుంబరావుకి కాపురానికొచ్చిన ఇన్నేళ్లకి తెలిసింది. గర్వంగా ఇంకో రెండు ముద్దలు తిన్నాడు.

ఆ సోమవారం పొద్దున్నే ప్లీడర్ రాసిచ్చిన నోటీసు జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

"ఇవాళ పటమన్నా తెస్తా, వాడినన్నా కోర్టుకి ఈడుస్తా."

"అదీ మాట! మధ్యాహ్నానికి పులిహోర కట్టా. తిని మరీ తిట్టండి," అంటూ వాసవాంబ డబ్బా చేతికిచ్చింది.

ఆయన ఎక్కిన ఆటో సందు మలుపు తిరిగేదాకా చూసి, తలుపు దగ్గరికి వేసి, వాసవాంబ మెల్లగా ఫోన్‌లో అంది: "నరేంద్ర గారూ, మావారు బయల్దేరారండి, ఈసారికి మీసం ఆరలేదని చెప్పేయండి, చెవుల సంగతి నేను ఆలోచించి వచ్చే నెల చెప్తా."