రెప్పపాటు కబుర్లు

జ్యేష్ఠ శుద్ధ పంచమి, గురువారం. పొద్దుటి నుంచి సన్నటి తుంపర. పెద్దవాళ్లయితే దాన్ని వాన కింద జమకట్టరు. ఆ రోజే ముసలి తాబేలు, అవతలి చెరువులోని చెల్లెలి కబుర్లు మోసే కొంగను మాన్పించి లకుముకి పిట్టను పెట్టుకుంది.

"కొంగ వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది మామా. నేను రెప్పపాటులో వస్తాను. మొదటి నెల ఏమీ ఇవ్వక్కర్లేదు," అంది లకుముకి.

"సరే మామా, నా కాళ్లకూ కాస్త విశ్రాంతి," అంది కొంగ.

లకుముకి మాట తప్పలేదు. కబురు చెప్పేది, తుర్రుమనేది. తాబేలు ఒక్క మాట పూర్తిచేయాలంటే తామరాకు నీడ పక్కకు జరగాలి. కొంగ అయితే ఒంటికాలి మీద నిలబడి అంతా వినేది. దాని ఆలస్యమంతా అక్కడే అయ్యేదని తాబేలుకు అప్పుడు తెలిసింది.

"అన్నయ్యకు నా మీద కోపమా?" అని కబురొచ్చింది. "లేదమ్మా" అనేసరికి కొమ్మ ఖాళీ.

కొంగను మళ్లీ పిలవాలా వద్దా అనుకుంటూనే తాబేలు శ్రావణం, భాద్రపదం గడిపేసింది. ఆశ్వయుజంలో చెల్లెలు పోయింది. ఆమె పోతూ చెప్పిన ప్రకారం, ఎండ కాచుకునే రాయి రోజూ పలకరించిన పీతకు, ఒడ్డున నీడపట్టు కొంగకు దక్కాయి. అన్నకు ఏమీ లేదు.

ఆ కబురూ రెప్పపాటులోనే అందింది.